చాటింపు వేయని రద్దు

"జొన్నరొట్టె వేడిగుందా?"

"ఆరకముందే తినాలె."

కోడ్ సరిపోయింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో క్యాబ్ డ్రైవర్ వేషంలో ఉన్న చీఫ్ గోవర్ధన్ వెనక డోర్ తెరిచాడు. హౌస్‌కీపింగ్ యూనిఫాంలో ఉన్న ఏజెంట్ నిర్మల ఎక్కి కూర్చుంది. 2013 ఆగస్టు. ఉదయం పది గంటలు.

"ఆపరేషన్ ఖాళీ కుర్చీలు," అన్నాడు చీఫ్. "రావిర్యాల పక్కన విషపు వ్యర్థాల ప్లాంటు పెట్టాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. పదకొండింటికి ఊరి స్కూల్లో ప్రజాభిప్రాయ సేకరణ. జనం రాకపోతే అభ్యంతరాలు లేవని రాసేస్తారు. అందుకని మీటింగ్ రద్దయిందంటూ మూడు వందల దొంగ అకౌంట్లు పదిన్నరకు ఫేస్‌బుక్‌లో పోస్టు చేస్తాయి. వాళ్ళ కంట్రోల్ రూమ్ ఈ ఎదుటి హోటల్లోనే, గది నంబరు 412. నడిపేది శ్రీలత."

"మన శ్రీలతనా?"

"మనదే, వాళ్ళదీ. ఈ టైం చెప్పింది కూడా ఆమే."

నిర్మలకు ఒళ్ళు మండింది. రావిర్యాల ఆమె పుట్టిన ఊరు. ఆ బావుల నీళ్ళే తాగి పెరిగింది.

లిప్‌స్టిక్‌లో దాచిన మాస్టర్ కీకి 412 తలుపు తెరుచుకుంది. పట్టుచీర, రవ్వల దుద్దులతో శ్రీలత తాపీగా కాఫీ తాగుతోంది. ఎదురుగా లాప్‌టాప్‌లో ఊరి కుర్రాళ్ళు పెట్టిన మీటింగ్ పేజీ. 'వస్తున్నవారు' అన్న అంకె చూస్తుండగానే తగ్గిపోతూ సున్నాకు చేరింది.

"ఆలస్యం చేశారు నిర్మలగారూ. పోస్టు తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయింది. దొంగ సంతకంతో ప్రభుత్వ ఆఫీసు లెటర్ కూడా జత చేశాం. టైం విషయంలో మీ చీఫ్‌గారికి ఓ చిన్న అబద్ధం చెప్పాల్సొచ్చింది."

నిర్మల ఆమె చేతికి బేడీ వేసి మంచం కోడుకు తగిలించింది. చీఫ్‌కు ఫోన్ చేసింది.

"ఆ పోస్టు ఇంకా పాకకుండా ఊళ్ళో సెల్ టవర్లు ఆపించెయ్," అన్నాడు చీఫ్.

"వద్దు సార్. ఊరు నోరు మూసుకోవాలన్నదే వాళ్ళ ప్లాను. ఆ పని మనమెందుకు చెయ్యాలె?"

"ఇది ఆర్డర్."

"వినపడ్తలేదు సార్," అని పెట్టేసింది. జన్మలో మొదటిసారి ఆర్డర్ మీరింది. భయం వేయలేదు సరికదా, ప్రాణం హాయిగా ఉంది.

తర్వాతి ఫోన్ దశరథానికి. ఊళ్ళో డప్పు చాటింపు వేసేది అతనే.

"మీటింగ్ లేదంట గద బిడ్డా? పోరలంత ఫోన్ల సూపిచ్చిన్రు."

"మీటింగ్ ఉందని మొన్న చాటింపేసింది ఎవరు కాకా?"

"నేనే."

"లేదని ఏసినవా?"

"ఏయలే."

"మరి ఎట్ల రద్దయితది?"

"అవ్ గద! నా డప్పు మీద ఇంకోడు చాటింపేసుడేంది?" దశరథానికి రోషం పొడుచుకొచ్చింది. "నువ్వు రా బిడ్డా."

నిర్మల బైకు రావిర్యాల స్కూలు ముందు ఆగేసరికి పదీ యాభై ఎనిమిది. లోపల వంద ఖాళీ కుర్చీలు. ఆఫీసరు అప్పుడే 'అభ్యంతరాలు' అని రాసి, వాచీ చూసుకుని, 'లేవు' అని రాయడానికి పెన్ను ఆనించాడు.

డప్పు మోగింది.

"మీటింగ్ ఉన్నది! ఇంటికొకరు రావాలహో!"

దశరథం వెనక ఊరు ఊరంతా కదిలి వస్తోంది. డప్పు పిలిచాక ఇంటికొకరు రాకపోవడం ఆ ఊరికి తెలియదు. పొద్దున అబద్ధం మోసిన ఫోన్లే ఇప్పుడు డప్పును వీడియో తీసి పోస్టు చేస్తున్నాయి. అది చూసి పక్క ఊళ్ళవాళ్ళు ఆటోల్లో దిగారు. నిర్మలకు కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

అందరికంటే ముందు ఊరి పెద్దామె ఈరమ్మ కొంగు నడుముకు బిగించి ఆఫీసరు బల్ల దగ్గరికి నడిచింది.

"రాస్కో సారూ. ఒకటో అభ్యంతరం, ఈరమ్మది. నా ఎనక ఊరుంది, జర పెద్ద బుక్కు తెచ్చుకో."

ముఠా నాయకుడు ఎయిర్‌పోర్టు చెక్-ఇన్ దగ్గర చీఫ్‌కు దొరికాడు. అతని లాప్‌టాప్‌లో మీటింగ్ పేజీ ఇంకా తెరిచే ఉంది. వస్తున్నవారు: సున్నా. రావిర్యాలలో అప్పటికి కుర్చీలు చాలక, తరగతి గదుల్లోంచి బెంచీలు మోసుకొస్తున్నారు.