జేబులో లేని చాకు

ఆ ఉదయం ఓలీటా మాంసం వేయించిన నూనెలో పిండి కలిపి గ్రేవీ తిప్పుతుంటే వరండాలోంచి మళ్ళీ ఆ చప్పుడు వినిపించింది. మడత చాకు మూసుకునేటప్పుడు వచ్చే చిన్న 'టక్'. గరిటె అలాగే పట్టుకుని కిటికీలోంచి చూసింది. ఊగే కుర్చీ ఖాళీగా ఉంది. లోయలో మంచు ఇంకా విడలేదు.

"విన్నావా ట్రెసా?" అని కోడల్ని అడిగింది.

"ఏం వినలేదత్తయ్యా. రేకు చప్పుడేమో," అంది ట్రెసా తల ఎత్తకుండా, కప్పుల్లో కాఫీ పోస్తూ.

రేకు చప్పుడు కాదని ఓలీటాకి తెలుసు. నలభై ఏళ్ళకు పైగా రోజూ విన్న చప్పుడది. ఆమె భర్త హోబర్ట్ పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుని ఆపిల్ పండు తొక్క తెగకుండా గుండ్రంగా ఒలిచేవాడు. చాకు అలుగుని ఎడమ తొడ మీద అటొకసారి ఇటొకసారి తుడిచి, అరచేత్తో నొక్కి మూసేవాడు. మూసేముందు తల కొంచెం పక్కకి వంచేవాడు, ఆ చప్పుడు వినడానికన్నట్టు. చప్పుడు గట్టిగా, శుభ్రంగా వస్తే చాకు ఆరోగ్యంగా ఉన్నట్టు అనేవాడు.

కెంటకీ కొండల్లో, ఆ లోయలో, మగవాడు చాకు లేకుండా గడప దాటడు. మేత బస్తా తాడు కోయాలన్నా, వేలిలో ముల్లు తీయాలన్నా, ఊరికే కూర్చుని చెక్క ముక్క చెక్కుకోవాలన్నా అదే. పోయినవాణ్ణి పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కూడా కుడి జేబులో అతని చాకు పెట్టే పంపిస్తారు. మార్చిలో హోబర్ట్ పోయినప్పుడు అది జరగలేదు. చాకు కనిపించలేదు. పక్కలు దులిపారు, మంచం కింద వెతికారు. ఎముక పిడి, మూడు అలుగులు, ఊడిపోయిన మేకు స్థానంలో ఆయనే కొట్టుకున్న రాగి తీగ ముక్క. ఏళ్ళ తరబడి సాన పట్టడంతో పెద్ద అలుగు వెదురాకులా సన్నబడిపోయింది. ఇంట్లో ఎవరు చూసినా గుర్తుపట్టే చాకు. అది లేకుండానే ఆయన్ని మట్టిలో పెట్టారు.

ఉత్త జేబుతో పంపించాననే బాధ ఓలీటాని ఆనాటినుంచీ పీడిస్తోంది. అందుకే ఆయన దాన్ని వెతుక్కుంటూ వస్తున్నాడని ఆమె నమ్మకం. ఆయన పాత ప్యాంటు ఒకటి ఉతక్కుండా దాచుకుంది. కుడి జేబు మీద చాకు ఆకారం గుడ్డలోకి అచ్చు పడిపోయి ఉంది. ఒక్కోసారి తలుపు వేసుకుని ఆ అచ్చు మీద వేలు పెట్టి కూర్చునేది.

కూతురు రొవీనాకి మాత్రం దయ్యాల మీద నమ్మకం లేదు. దొంగల మీద ఉంది. కొండకి అవతలి పక్క కాపురముంటూ వారం వారం వచ్చే రొవీనా, చాకు ట్రెసాయే తీసిందని మొదటి వారంలోనే తేల్చేసింది. చివరి రోజుల్లో నాన్న దగ్గర ఉన్నదెవరు? స్నానం చేయించిందెవరు, బట్టలు మార్చిందెవరు? పైగా ట్రెసా వాళ్ళ అన్న పాత చాకులు కొని అమ్మేవాడు. రొవీనా ఈ మాటలు మొహం మీదే అనేది. "నేను తియ్యలేదు వదినా" అని ట్రెసా ఒక్కసారి చెప్పింది. తరవాత ఎన్నిసార్లు అన్నా బదులు పలకలేదు. ఆమె భర్త వెర్నన్‌కి అక్కతో గొడవ పడే ధైర్యమూ లేదు, భార్యని అనుమానించే మనసూ లేదు. ఆ మాట రాగానే లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఓలీటా కోడల్ని ఏనాడూ దొంగ అనలేదు. కానీ రొవీనా అంటున్నప్పుడు వద్దని కూడా అనలేదు.

ఆ శనివారం అత్తాకోడళ్ళిద్దరూ కోళ్ళ మేత కోసం ట్రక్కులో ఊళ్ళోకి వెళ్ళారు. ట్రెసా మందుల కొట్టులోకి వెళ్ళింది. ఓలీటా మేత దుకాణంలో గింజలు పురుగు పట్టాయేమో చూస్తానంది. దుకాణదారు పనిలో ఉండటంతో పక్కనే నిలబడ్డ ఒక మనిషి, తన బస్తా వదిలేసి, "నేను విప్పుతానుండండి" అంటూ ముందుకొచ్చాడు. జేబులోంచి చాకు తీశాడు. సన్నటి అలుగు బస్తా కుట్టు మీద ఒక్కసారి ఆడింది. తరవాత అతను దాన్ని ఎడమ తొడ మీద అటొకసారి ఇటొకసారి తుడిచి, తల కొంచెం పక్కకి వంచి, అరచేత్తో నొక్కి మూశాడు.

ఓలీటా తూలి పక్కనున్న బస్తా అంచు పట్టుకుంది. పిడి మీద రాగి తీగ మెరిసింది. అతను గబుక్కున భుజం పట్టుకుని బస్తాల మీద కూర్చోబెట్టాడు. "అమ్మా, నీళ్ళు తెమ్మంటారా?" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే ట్రెసా లోపలికి వచ్చింది. ఆ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను ట్రెసాని చూశాడు, తరవాత ఓలీటాని చూశాడు, మొహంలో రంగు దిగిపోయింది. టోపీ తీసి బయటికి వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరికీ పరిచయం ఉందని అర్థం కావడానికి ఓలీటాకి ఆ ఒక్క చూపు చాలు. దారి పొడుగునా ఆమె మొహం కిటికీ వైపే తిప్పుకుని కూర్చుంది. రొవీనా అన్నది నిజమన్నమాట. తను పెట్టిన తిండి తిన్న పిల్ల, మామగారి మంచం పక్కనే ఉండి ఆయన జేబు తడిమింది. ఇది ఆమెకి మింగుడు పడలేదు. కానీ అంతకంటే మింగుడు పడనిది ఇంకొకటి లోపల కదులుతోంది. దానికి ఇంకా పేరు పెట్టలేదు.

మర్నాడు చర్చి అయ్యాక రొవీనా వచ్చింది. బీన్సు గిన్నె, మొక్కజొన్న రొట్టె బల్ల మీదికి వచ్చాయి. అందరూ కూర్చున్నాక ఓలీటా చెప్పింది. "మీ నాన్న చాకు నిన్న చూశాను. మేత దుకాణంలో ఒకతని చేతిలో ఉంది. అతన్ని ట్రెసాకి తెలుసు."

రొవీనా చెంచా కింద పెట్టింది. "ఎంతకమ్మావు?"

"అమ్మలేదు వదినా."

"నేను పుట్టినప్పుడు మంచులో మంత్రసాని రాలేకపోతే, నాన్న నీళ్ళు కాచి ఆ చాకుతోనే నా బొడ్డు కోశాడు. నీకది మామూలు చాకు. ఎంతకమ్మావో చెప్పు, నేనే వెళ్ళి కొనుక్కుంటా."

వెర్నన్ ఈసారి లేచి వెళ్ళలేదు. "చెప్పు ట్రెసా. ఎవరతను?" అని మెల్లిగా అడిగాడు.

ట్రెసా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మామయ్యగారే ఇచ్చి రమ్మన్నారు. అంతకు మించి నన్నడక్కండి."

"చచ్చినవాళ్ళ మీదికి తోసెయ్యడం తేలికే. వాళ్ళొచ్చి కాదనరుగా," అంది రొవీనా.

ఓలీటా ఆ మాటలు వింటూనే ఉంది, కానీ కళ్ళ ముందు ఉన్నది ఆ మనిషి చేతులు. నరాలు తేలిన వెడల్పాటి మణికట్టు. తల వంచిన తీరు. అలుగు తుడిచిన తొడ. చాకు ఎవరైనా అమ్ముకోవచ్చు, ఎవరైనా కొనుక్కోవచ్చు. దాని చప్పుడు కోసం చెవి అలా వంచడం ఎవరమ్ముతారు?

"అతని వయసెంత ట్రెసా?" అని అడిగింది.

ట్రెసా తలెత్తి అత్తగారిని చూసింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

"రొవీనా కంటే చిన్న. వెర్నన్ కంటే పెద్ద. అంతేనా?"

రొవీనా చంటిపిల్లగా ఉన్న ఏడాది, చలికాలమంతా ఓలీటా దాన్ని తీసుకుని, జబ్బుపడ్డ తల్లి దగ్గర ఉండిపోయింది. హోబర్ట్ కొండ అవతల కేనీ వాగు దగ్గర కలప మిల్లులో పనికి కుదిరాడు. వసంతంలో తిరిగొచ్చినప్పుడు ఆయన ఆమెని పట్టుకుని ఏడిస్తే, ఇంత బెంగపెట్టుకున్నాడా అని మురిసిపోయింది. అన్నేళ్ళూ ఆ ఏడుపుని తన మీది ప్రేమగా దాచుకుంది.

బల్ల చుట్టూ ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. రొవీనా కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. వెర్నన్ వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు.

ఓలీటా వరండాలోకి వెళ్ళి ఆ కుర్చీ ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. బతికుండగా తెలిసుంటే గిన్నె విసిరేది. వారం రోజులు అన్నం పెట్టేది కాదు. ఇప్పుడు ఎవరి మీద విసరాలి? కొట్లాడటానికి కూడా మనిషిని మిగల్చకుండా పోయాడు. ట్రెసా వచ్చి కొంచెం దూరంగా కూర్చుంది. అడగ్గా అడగ్గా చెప్పింది. ఫిబ్రవరిలో అందరూ చర్చికి వెళ్ళిన ఉదయం మామగారు తలగడ కిందనుంచి చాకు తీసి, కేనీ వాగు దగ్గర ఎస్టిల్ అనే అతనికి ఇచ్చి రమ్మన్నాడట. అతను తన కొడుకేనని చెబుతూ ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడట. ఓలీటాకి తెలియనివ్వనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడట.

"ఇన్ని నెలలు దొంగ అనిపించుకున్నావు. ఒక్క మాట చెబితే పోయేదిగా," అంది ఓలీటా.

"మీరు రోజూ ఆ కుర్చీ తుడుస్తారు అత్తయ్యా. చలేస్తుందేమోనని శాలువా కప్పుతారు. నేను చెబితే ఆ కుర్చీ కూడా మీకు మిగలదనిపించింది." ట్రెసా ఖాళీ కుర్చీ వైపు చూసింది. "వదిన నన్నంటే నాకేం కాదు. మీరు వద్దనకపోవడమే కష్టంగా ఉండేది."

ఇన్నాళ్ళూ ఓలీటా వరండాలో లేని మనిషి కోసం చెవులు రిక్కించింది. వంటింట్లో పక్కనే నిలబడి, నోరెత్తకుండా నలిగిపోతున్న మనిషిని వినలేదు. కోడలి తల దగ్గరికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు.

మర్నాడు పొద్దున ఓలీటాయే అడిగింది, కేనీ వాగు దగ్గరికి తీసుకెళ్ళమని. ఎస్టిల్ పొగాకు ఆరబెట్టే కొట్టం దగ్గర ఉన్నాడు. ట్రక్కు చూడగానే పని ఆపి వచ్చి, జేబులోంచి చాకు తీసి చాపాడు. "ఇది మీ ఇంటిది. ఆవిడ తెచ్చినరోజే వద్దన్నాను," అన్నాడు.

ఓలీటా దాన్ని అందుకుంది. అరచేతిలో ఆ బరువు, ఆ నూనె వాసన. పెద్ద అలుగు తెరిచి చూసింది. మచ్చ లేదు. "బాగా చూసుకుంటున్నావు," అంది.

"ఆయనే నేర్పాడు. మీకు తెలీకుండానే కాదు, ఆయనెవరో నాకే తెలీకుండా." అతను కంచెకి ఆనుకుని చెప్పాడు. నెలకొకసారి కోర్టు ముందు పచ్చికలో పాత చాకులు మార్చుకునే బజారు జరుగుతుంది. కుర్రతనంలో అక్కడికి వెళ్తే ఒక పెద్దాయన వచ్చి, అతని పనికిరాని చాకు తీసుకుని మంచిది ఇచ్చేవాడు. ఎలా నూనె వెయ్యాలో, చప్పుడు ఎలా వినాలో చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయనకి బేరం రాదని నవ్వేవాళ్ళు. "ఒకసారి ఎగతాళికి అలుగు సగం విరిగిపోయినది ఇచ్చాను. దానికీ తన చేతిలో ఉన్నవాటిలో మేలైనదే ఇచ్చాడు. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మని నిలదీశాను."

ఓలీటాకి మంచం కింద ఉన్న చుట్టల పెట్టె గుర్తొచ్చింది. దాన్నిండా తుప్పు పట్టిన, విరిగిన చాకులు. పిల్లలు ఆయన మిగతా చాకులు పంచుకున్నప్పుడు ఆ పెట్టెని ఎవరూ అడగలేదు. ప్రతి ఆదివారం హోబర్ట్ వాటికి ఒక్కొక్కదానికీ నూనె రాసేవాడు. ఈ చెత్తకి నూనె దండగ అని తను ఎన్నిసార్లు విసుక్కుందో. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ కుర్రవాడి జేబు వెచ్చదనం తగిలిన వస్తువులు అవే మరి, ఆయనకి దొరికినవి.

ఆమె అలుగు మూసి, చాకు అతని చేతిలో పెట్టి వేళ్ళు మడిచింది. "ఆయన ఇచ్చింది తిరిగి తీసుకోవడానికి నేను రాలేదు. మీ అమ్మ ఉందా?"

"లేదు. పోయి ఆరేళ్ళయింది."

"పేరేంటి?"

"మోసీ."

ఓలీటా తల ఊపింది. ఆ పేరు గొంతులో ముల్లులా దిగింది. దిగనిచ్చింది. "ఆదివారం భోజనానికి రా," అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా ట్రక్కు ఎక్కింది.

ఆదివారం రొవీనా వస్తుందనుకోలేదు. వచ్చింది, గొడవకి సిద్ధమై. అతను గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడగానే ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తన చిన్నప్పటి నాన్న, నెరవని జుట్టుతో, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉన్నాడు. ఆమె మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ట్రెసా రొట్టె కోస్తోంది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినిపించలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం రొవీనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ట్రెసా చెయ్యి ఆమె చేతిలో ఉంది.

వెర్నన్ కుర్చీ జరిపి అతనికి చోటిచ్చాడు. అందరూ కూర్చున్నారు. హోబర్ట్ పోయాక ఆ బల్ల దగ్గర ప్రార్థన గట్టిగా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఓలీటా చేతులు కట్టుకుని తలవంచింది. తిండికి కృతజ్ఞతలు చెప్పింది. రొవీనాని, వెర్నన్‌ని, ట్రెసాని, ఎస్టిల్‌ని పేరు పేరునా చల్లగా చూడమంది. తరవాత హోబర్ట్ పేరు ఎత్తింది.

"ఆయన మీద నాకింకా కోపం పోలేదు ప్రభువా, అది నీకు తెలుసు. ఆయన్ని నీ దగ్గర ఉంచు, కోపం నా దగ్గర ఉంచుకుంటాను, అయిపోయేదాకా. మోసీని కూడా చూడు. ఈ పిల్లాణ్ణి ఒక్కతే పెంచింది."

ఆమెన్ అన్నాక కూడా ఎవరూ తల ఎత్తలేదు. ఎస్టిల్ భుజాలు కదులుతున్నాయి. గిన్నెల మీద ఆవిరి నెమ్మదిగా సన్నబడుతోంది.