కదలని చెయ్యి

పొద్దున్నే ఇస్త్రీ దుకాణంలో కాలిన గుడ్డ వాసన గుప్పుమంది. యజమానురాలు లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి, బ్యాంకు ఆఫీసరుగారి తెల్లచొక్కా మీద ఇస్త్రీపెట్టె పొగలు కక్కుతోంది. పక్కనే బల్ల మీద తల వాల్చి, ఈవిడగారి కూతురు నిద్రపోతోంది. ఇక ఆవిడ కోపానికి పట్టపగ్గాలుంటాయా!

"ఒసేయ్ మొద్దూ! కొంప తగలెట్టడానికే పుట్టావటే?" ఇస్త్రీపెట్టెను ఎత్తి పక్కన నిలబెట్టి, కూతుర్ని జుట్టు పట్టి లేపి చెంప ఛెళ్ళుమనిపించింది. చెక్క హ్యాంగరు విరిగేదాకా వీపు మీద బాదింది.

"కొట్టకమ్మా! కావాలని పడుకోలేదు!"

అప్పుడే దుకాణంలోకి వచ్చిన భర్త, చేతిలోని బట్టల మూట పడేసి అడ్డం వచ్చాడు. "దానికి నార్కోలెప్సీ అని డాక్టరు చెప్పాడు కదే! రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది, పగలేమో ఆపుకున్నా ఆగదు. నవ్వినా, భయపడినా ఒళ్ళు పట్టు తప్పుతుందన్నాడు!"

"బద్ధకానికి ఆయనో పేరు పెట్టాడు, మీరు దాన్ని నెత్తికెత్తుకున్నారు! తప్పుకోండి!"

ఒక్క తోపు తోసింది. ఆయన వెళ్ళి అల్మారాకు కొట్టుకున్నాడు. నుదురు చిట్లింది.

నాన్న నెత్తురు చూడగానే కూతురి మోకాళ్ళు వంగిపోయాయి. మెడ వాలిపోయింది. నేల మీద కుప్పకూలింది.

"మొదలెట్టావా నాటకం?" తల్లి ఇస్త్రీపెట్టె అందుకుని, సెగ తగిలేంత దగ్గరగా కూతురి అరచేతి మీదికి దించింది. "ఎంతసేపు నటిస్తావో చూస్తా! లే! లేవకపోతే నిజంగానే అంటిస్తా!"

చెయ్యి కదల్లేదు. అరచెయ్యి ఎర్రబడుతున్నా ఒక్క వేలు వణకలేదు. సగం మూసిన కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

నటించేవాళ్ళెవరైనా చెయ్యి లాక్కోరూ?  తల్లి ఇస్త్రీపెట్టె అవతలికి విసిరేసింది. భర్త పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

కాసేపటికి అమ్మాయి పెదవులు కదిలాయి. "నేను నిద్రపోలేదమ్మా. నువ్వన్నవన్నీ వినపడుతూనే ఉన్నాయి. లాక్కుందామనే చూశాను. చెయ్యి రాలేదు."

"కేకైనా పెట్టలేదేమే, తల్లీ?"

"గొంతు కూడా రాదు."

తల్లి ఆ చేతిని పట్టుకోబోయింది. ఇప్పుడది చటుక్కున వెనక్కి పోయింది. ఆవిడ చతికిలబడి భోరుమంది. "కన్నకూతురికి వాత పెట్టబోయానే, పాపిష్టిదాన్ని!"

కూతురి రెప్పలు మళ్ళీ బరువెక్కాయి. "అమ్మా, నిద్రొస్తోంది. కొట్టవు కదా?"

"కొట్టనమ్మా. ఇంకెప్పుడూ కొట్టను."

ఎవరిదో ఇస్త్రీ చేసిన దుప్పటి మడత విప్పి, తల్లి నేల మీద పరిచింది. అమ్మాయి కాసేపు తటపటాయించింది. తర్వాత మెల్లగా జరిగి, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది.