మంత్రిగారు చూసిన వార్డు

గోడ మీద చింతరేవు పట్నం మళ్ళీ బతికింది. ఏడాది కిందటి ఆగస్టు తొమ్మిది, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ముసురు పడుతోంది. చేపల మార్కెట్ దగ్గర గొడుగులు కదులుతున్నాయి. పెద్దాసుపత్రి గేటులోంచి ఆరు కార్లు వరసగా వచ్చి ఆగాయి. మళ్ళీ యంత్రాన్ని నడిపే శాస్త్రవేత్త డాక్టర్ నందగిరి సుమేధ వేలెత్తగానే చినుకులు గాలిలో ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోయాయి.

"మంత్రిగారు ఆసుపత్రిలో అడుగుపెట్టిన క్షణం ఇది," అందామె. "ఇక్కడినుంచి ఊరిని రెండు దారుల్లో నడిపించి చూపిస్తాను."

టౌన్ హాల్లో మూడువందలమంది గోడ వైపే చూస్తున్నారు. ముందు వరసలో పెద్దాసుపత్రి హెడ్ నర్సు కొల్లి మార్తమ్మ, చనిపోయిన తమ్ముడు యాకోబు ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జ్వరంలో పోయినవాళ్ళ కుటుంబాల సంఘానికి ఆమే అధ్యక్షురాలు. మంత్రిని విచారించాలని పన్నెండువేల సంతకాలు పోగుచేసి కమిషన్ వేయించింది కూడా ఆమే.

ఆ యంత్రం గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. దాని అసలు పేరు ఇంగ్లీషులో ఒక వాక్యమంత పొడుగుంటుంది. చింతరేవు జనం మళ్ళీ యంత్రం అన్నారు, అదే నిలిచిపోయింది. ముందుగా ఊరికి సంబంధించిన రికార్డులన్నీ దానికి మేపుతారు. ఏ ఫోను ఏ వేళకి ఎక్కడుంది, ఏ ట్యాంకు నీళ్ళు ఏ వీధికి వెళ్ళాయి, ఆసుపత్రిలో ఎన్ని సెలైన్లు ఖర్చయ్యాయి, ఎవరు ఏ ఫైలు మీద ఎప్పుడు సంతకం పెట్టారు, అన్నీ. వాటితో అది కంప్యూటర్ లోపల అచ్చంగా అలాంటి ఊరినే కడుతుంది, మనుషులతో సహా. ఆ మనుషులు అసలు మనుషుల్లాగే నడుచుకుంటారు, ఎందుకంటే వాళ్ళ పాత నడవడి అంతా రికార్డుల్లో ఉంది. అప్పుడు ఒక్క నిర్ణయం మార్చి ఆ ఊరిని వెయ్యిసార్లు నడిపిస్తారు. జరిగినదానికీ, జరగగలిగినదానికీ ఎంత తేడా వస్తే ఆ నిర్ణయం తీసుకున్న మనిషి వాటా అంత. మంత్రుల పనితీరును ఓట్లతోనో తిట్లతోనో కొలవడం అలవాటైన మనకి ఇది కొత్త సరుకే.

ముసురు జ్వరం చింతరేవులో రెండువందల పన్నెండుమందిని పొట్టన పెట్టుకుంది. రోగం మంచినీళ్ళ ట్యాంకులోంచే వస్తోందని ఇంజనీర్లు అనుమానపడ్డారు. ట్యాంకు మూయించే ఫైలు ఆ రోజు ఆరోగ్యశాఖ మంత్రి దండిబోయిన వామనమూర్తి కారులోనే ఉంది. ఆసుపత్రిలో జ్వరం పేషెంట్లు నలభైమంది దాటితే సంతకం పెట్టాలని నిబంధన. ఆయన వార్డు చూశాడు, ఫొటో దిగాడు, ఫైలు మీద 'ఇంకో వారం చూద్దాం' అని రాసి వెళ్ళిపోయాడు. ట్యాంకు మూతపడింది తొమ్మిదోరోజున.

సుమేధ వేలు దించింది. గోడ మీద చింతరేవు రెండుగా చీలి నడిచింది. ఒక ఊళ్ళో శవపేటికల బండ్లు, ఇంకో ఊళ్ళో ట్యాంకర్ల ముందు బిందెల వరసలు. వెయ్యి నడకలూ ముగిశాక కింద ఒక అంకె వెలిగింది.

"మంత్రిగారి వాటా నూటికి డెబ్బైరెండు," అంది సుమేధ.

హాలంతా ఒక్కసారిగా మాటలు లేచాయి. మార్తమ్మ ఫొటోని గుండెలకి అదుముకుంది. ఏడాదిగా ఆమె ఎదురుచూసింది ఆ అంకె కోసమే.

వామనమూర్తి లేచి, అలవాటు కొద్దీ "అధ్యక్షా" అని మొదలుపెట్టి నాలిక్కరుచుకున్నాడు. "జడ్జిగారూ, నేను చూసింది పన్నెండుమందిని. పన్నెండు మంచాలే ఉన్నాయి. అక్కడి సిస్టర్‌ని ఎంతమందమ్మా అని అడిగాను కూడా. పన్నెండని చెప్పింది."

జనం గొల్లున నవ్వారు. కమిషన్ జడ్జి శేషాచలపతిగారు బల్ల మీద తట్టి సుమేధ వైపు చూశాడు.

"ఆ పూట ఆ వార్డుకి నలభైఆరు భోజనాలు వెళ్ళాయి సార్. డైట్ రిజిస్టర్‌లో ఉంది," అంది సుమేధ. "మంత్రిగారి ఫోను అదే వార్డులో పదకొండు నిమిషాలు ఉంది. వార్డులో నిలబడ్డ మనిషికి వార్డు కనబడదా?"

"మార్తమ్మగారూ, ఆ సిస్టర్ మీరే కదా. ఆ రోజు ఎంతమంది ఉన్నారు?" అన్నాడు జడ్జి.

మార్తమ్మ లేచింది. "ఆసుపత్రిలో నలభైఆరుగురు ఉన్నారు సార్," అంది. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కూర్చున్నాక మాత్రం ఫొటో వైపు చూడలేక బోర్లా పెట్టుకుంది.

ఇప్పుడు విజిట్ సంగతి చెప్పాలి. పెద్దాసుపత్రిలో విజిట్ అంటే అదొక ప్రత్యేకమైన డ్యూటీ. పెద్దవాళ్ళెవరో వస్తున్నారని కబురు అందగానే గేటు నుంచి మెట్లదాకా సున్నంతో రెండు గీతలు పడతాయి. బీరువాలోంచి విజిట్ దుప్పట్లు బయటికొస్తాయి. రోగుల్లో కాస్త తేటగా ఉన్నవాళ్ళని డజనుమందిని ఏరి మంచాల మీద ఉంచి, మిగతావాళ్ళని వెనకాల మూతపడ్డ పాత టీబీ వార్డులోకి మార్చి తాళం వేస్తారు. వచ్చినవాళ్ళు పోయాక మళ్ళీ తెచ్చి పడుకోబెడతారు. ఎవరూ ఆర్డరు వెయ్యరు, ఎవరూ అడగరు. మార్తమ్మ ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక సూపరింటెండెంటు ఎవరో మంత్రికి వార్డుని ఉన్నదున్నట్టు చూపించాడు. వారం తిరక్కుండా ఆయన్ని కొండల్లోని డిస్పెన్సరీకి విసిరేశారు. అప్పటినుంచి ఆసుపత్రి నేర్చుకుంది. అందరికన్నా బాగా నేర్చుకుంది మార్తమ్మ. నలభై నిమిషాల్లో వార్డుని విజిట్‌కి తయారు చేయగలదని ఆమెకి జిల్లాలో పేరుండేది. ఆ పేరంటే ఆమెకి గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు ముప్పైనాలుగుమందిని మార్చింది. మంత్రి అడిగితే పన్నెండంది. అబద్ధం చెబుతున్నానని కూడా తోచలేదామెకి. దుప్పటి పరిచినంత మామూలుగా చెప్పింది. ఐదురోజుల తరవాత యాకోబుని అతని ఆటోలోనే ఎవరో తీసుకొచ్చి పడేశారు. ఆ దుఃఖంలో ఆమెకి మంత్రి నవ్వుతూ దిగిన ఫొటో ఒక్కటే గుర్తుంది. పాత టీబీ వార్డు తాళం గుర్తే లేదు. నిజంగా గుర్తులేదో, గుర్తు చేసుకోలేదో, ఇవాళ హాల్లో కూర్చుంటే ఆమెకే తెలియలేదు.

మధ్యాహ్నం కమిషన్ లేచాక మార్తమ్మ స్టేజి వెనక గదిలోకి వెళ్ళింది. సుమేధ ఒక్కతే యంత్రం ముందు కూర్చుని ఇడ్లీ తింటోంది.

"మేడమ్, మీ యంత్రానికి ఒక మాట చెప్పాలి," అంది మార్తమ్మ. నిలబడే చెప్పింది, మొత్తం. దుప్పట్లూ, తాళం, పన్నెండూ.

సుమేధ ఇడ్లీ పొట్లం పక్కన పెట్టేసింది. "నేను ఆసుపత్రుల మీద పదేళ్ళు పనిచేశాను," అంది. "మనుషుల్ని దాచే గది ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు." ఆమె మొహం ఎర్రబడింది. మంత్రి చూసింది పన్నెండుమందినేనని యంత్రానికి కొత్త అంకె ఇచ్చింది.

మంత్రి వాటా పదిహేడుకి దిగింది. చెప్పకుండా ఎప్పుడూ ఏ ఆసుపత్రికీ వెళ్ళనందుకూ, చెప్పి వెళ్ళినప్పుడు కనబడ్డ తెల్ల దుప్పట్లని నమ్మేసినందుకూ ఆ పదిహేడు. యాభై అయిదు వేరేచోటికి కదిలింది. అక్కడ 'వార్డు' అని మాత్రమే ఉంది.

"ఆ రోజు నేను దాచకపోయుంటే?" అంది మార్తమ్మ. "అది కూడా చూడండి."

సుమేధ మీటలు నొక్కి ఆగింది. మళ్ళీ నొక్కింది. "దీని లోపల మీరూ ఉన్నారు మార్తమ్మగారూ. మీ ఇరవైరెండేళ్ళ సర్వీసులో అరవైఒక్క విజిట్లు. ఇప్పుడు యంత్రం విజిట్ రిపోర్టుల్ని డైట్ రిజిస్టర్ పక్కన పెట్టి చూసింది. వెయ్యిసార్లు నడిపిస్తే వెయ్యిసార్లూ దాచారు. దాచని మార్తమ్మ దానికి దొరకడం లేదు."

మార్తమ్మకి ఒంటిమీద గుడ్డ జారిపోయినట్టయింది. కొంగు కప్పుకుంది.

"నేనే చెయ్యిపెట్టి మార్చితే చూపించగలను," అంది సుమేధ మెల్లిగా. "చూస్తారా?"

"చూపించండి."

ఈసారి మంత్రి నలభైఆరుగురిని చూశాడు. నడకల్లో చాలావాటిలో ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. ఊరు నడిచింది.

"అందులో మా తమ్ముడు ఏమయ్యాడో చెబుతుందా? ఆటో నడిపేవాడు. ట్యాంకు వీధి."

సుమేధ వెతికింది. "వెయ్యిసార్లలో ఎనిమిదివందల డెబ్బైసార్లు," అంది, "ఆయనకి జ్వరమే రాలేదు."

మార్తమ్మ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా తనకి అర్హత లేదనిపించింది. ఏడాదిపాటు వీధివీధీ తిరిగి ఒక మనిషిని హంతకుడని తిట్టింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆమె వాళ్ళ వీపు నిమిరింది.

"రేపు కమిషన్ ఆసుపత్రిని చూడడానికి వస్తుంది. ఈ లెక్క నేను దాచలేను," అంది సుమేధ. "కానీ నేను చెప్పేకన్నా ముందు మీరే చెబితే బాగుంటుంది."

మార్తమ్మ తలూపింది. ఇంటికెళ్ళి ఆ మాటల్ని పదిరకాలుగా చెప్పుకుని చూసింది. ఏ రకంగా చెప్పినా చివరికి సంఘంలో ఆడవాళ్ళ మొహాలే కళ్ళముందుకొచ్చాయి.

మర్నాడు ఉదయం పదిగంటలకి కమిషన్ వచ్చింది. జడ్జి, సుమేధ, వామనమూర్తి, సంఘం తరఫున మార్తమ్మ, వెనక విలేకరులు. విచారణ అయ్యేదాకా మార్తమ్మకి సెలవిచ్చారు కాబట్టి వార్డు బాధ్యత ఆమె చేతికింద తయారైన నర్సు తౌడమ్మది. మళ్ళీ ముసురు రోజులు. వేరే ట్యాంకు నీళ్ళే తాగుతున్నా ఊళ్ళో అక్కడక్కడా జ్వరాలు మొదలయ్యాయని మార్తమ్మ విన్నది.

గేటు దగ్గర దిగగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మెట్లదాకా సున్నం గీతలు రెండు, వంకర లేకుండా.

వార్డులో తొమ్మిది మంచాలు, తొమ్మిది తెల్ల దుప్పట్లు. ఫినాయిలు వాసన. జడ్జిగారి మొహం విప్పారింది. "ఎంతమంది ఉన్నారమ్మా?" అన్నాడు.

"తొమ్మిదిమంది సార్," అంది తౌడమ్మ, కళ్ళు తిప్పకుండా.

"చూశారా, ఇప్పుడెంత శుభ్రంగా ఉందో," అన్నాడు వామనమూర్తి నిజంగానే సంతోషిస్తూ. నిన్న హాల్లో పన్నెండని మొత్తుకున్న మనిషికి, తన చుట్టూ ఉన్న దుప్పట్లని చూసి ఇవాళ కూడా ఏమీ తోచలేదు. సుమేధ మాత్రం మార్తమ్మ వైపే చూస్తోంది.

మార్తమ్మ తౌడమ్మని పక్కకి లాగింది. "ఎంతమందిని మార్చావే?"

"ఇరవైరెండు," అంది తౌడమ్మ గుసగుసగా. మెచ్చుకుంటుందని చూస్తోంది. "నువ్వు నేర్పినట్టే సేసినానమ్మా. నువ్వేటీ బెంగెట్టుకోకు. నిన్న ఆ యంత్రం డైట్ రిజిస్టర్ సూసే గదా పట్టేసింది. అందుకే ఇయ్యాల అందులో కూడా తొమ్మిదే రాయించినాను. మిగతావోలకి ఇల్లకాడనుంచి గంజి తెప్పించినాం. ఇంక ఆ యంత్రం కాదుగదా, దాని బాబుకి కూడా తెలవదు."

దేశంలోకెల్లా తెలివైన యంత్రం నిన్న చింతరేవుకి ఏం నేర్పిందో మార్తమ్మకి అప్పుడర్థమైంది. రేపు ఈ ఇరవైరెండుమందిలో ఎవరు పోయినా, వాళ్ళు ఇక్కడ ఉన్నట్టు ఏ కాగితంలోనూ ఉండదు. నేర్పింది యంత్రం అనుకోవడం కూడా తప్పే. యంత్రం చూపించింది, అంతే. నేర్పినది తను.

"తాళంచెవి ఇయ్యి," అంది.

"అమ్మా, అందరూ ఉన్నారు..."

"ఇయ్యవే."

తాళంచెవి తీసుకుని వార్డు వెనక గుమ్మంలోంచి నడిచింది. ఎక్కడికని అడుగుతూనే జడ్జి వెంట వచ్చాడు, ఆయన వెనకే అందరూ వచ్చారు. పాత టీబీ వార్డు తలుపు ముందు ఆగి ఆమె వెనక్కి తిరిగింది. పదిరకాలుగా చెప్పుకుని చూసిన మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"ఆ రోజు మంత్రిగారికి పన్నెండని చెప్పింది నేనే సార్. మిగిలినవాళ్ళని ఇందులో పెట్టి తాళం వేసింది కూడా నేనే," అంది. "నాకు సిగ్గుగా ఉంది."

వామనమూర్తి తలుపు వైపు చూసి తల దించుకున్నాడు. మార్తమ్మ తాళం తీసింది.

లోపల చీకటిగా, చెమ్మవాసనగా ఉంది. నేలమీద చాపల మీద మనుషులు వరసగా పడుకుని ఉన్నారు. అంత జ్వరంలోనూ ఒక్కరి దగ్గర్నుంచీ చప్పుడు లేదు. గుమ్మం పక్కనే ఉన్న ముసలమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చీరకొంగు కాస్త తీసి, వెలుతురులోకి కళ్ళు చికిలించి, తాళంచెవితో నిలబడ్డ మార్తమ్మని పోల్చుకుంది.

"సిస్టరమ్మా, ఆళ్ళెల్లిపోనారా?" అంది. "ఇంక మూలుక్కోవచ్చా?"