రెండంగుళాల సందు

“ఈ చర్చి కిటికీ పని అయిపోగానే మేం ఊరు మారిపోతున్నాం వదినా! ఆదివారం ఆరాధన చూసుకుని, మర్నాడు పొద్దున్నే బండెక్కేస్తాం.”

మరిది తాపీ కడుక్కుంటూ, తలెత్తకుండా అన్నాడా మాట. భోజనం క్యారియరు తెచ్చిన ఆమె దాన్ని కింద పెట్టేసింది. ఊరు మారిపోతాడా! అత్తగారు పోయేనాటికి ఎనిమిదేళ్ల పిల్లాడు వీడు. తల దువ్వి బడికి పంపింది తను, జ్వరమొస్తే పక్కన కూర్చుంది తను, చదువు అబ్బలేదని తెలిశాక మేస్త్రీల దగ్గర పనికి పెట్టించిందీ తనే. కడుపున పిల్లలు పుట్టలేదన్న దిగులు కూడా వీడి అల్లరిలో పడి మర్చిపోయింది. అలాంటివాడు పెళ్లాన్నీ ఏడాది పిల్లనూ తీసుకుని వెళ్లిపోతానంటే... తనకు ఇంక ఏం మిగులుతుంది దేవుడా!

“మీ అన్నయ్యతో ఒక్కసారి మాట్లాడు నాన్నా...”

“మాట్లాడటానికి ఆయనకు నేను మనిషిలా కనబడాలి కదా వదినా!”

తప్పు ఆమె భర్తదే. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. వడ్రంగి పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు గానీ, నోరు మాత్రం చిత్రిక పట్టని చెక్కలా గరుగ్గా ఉంటుంది. మూడేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన ఒక ఇంటి పనిలో, గోడలో వదిలిన సందులో గుమ్మం పట్టలేదు. గోడకు సిమెంటు గిలాబా పూస్తే సందు తగ్గుతుందన్న సంగతి తమ్ముడు మర్చిపోయాడు. దానికి అన్న, పదిమంది కూలీల ముందు, “కొలతే తెలియనివాడివి తాపీ ఎందుకు పట్టావురా!” అనేశాడు. అంతే! తమ్ముడు వేరు కాపురం పెట్టేశాడు. అప్పట్నుంచీ ఒకే చర్చిలో అన్న మొదటి బెంచీ, తమ్ముడు చివరి బెంచీ. మధ్య బెంచీలో కూర్చుని ఆమె కళ్లు తుడుచుకోవడం మూడేళ్లుగా సంఘమంతా చూస్తూనే ఉంది.

అందుకే వేసవిలో చర్చి బాగుచేయించాలని సంఘం నిర్ణయించినప్పుడు ఆమె పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగింది. గోడ పని మరిదికి, చెక్క పని భర్తకు ఇప్పించింది. పక్కపక్కన పనిచేస్తే మాటలు అవే వస్తాయని ఆమె ఆశ! పైకప్పు విప్పేశారు. మూడు నెలలు ఆరాధన ఆవరణలో పందిరి కిందే సాగింది. ఎండ వేడికి పాస్టర్ గారి ప్రసంగాలు పొట్టివైపోయాయని జనం లోలోపల సంబరపడ్డారు కూడా. గోడలు లేచాయి, కొత్త కప్పు పడింది. కానీ అన్నదమ్ముల నోళ్లు మాత్రం పెగల్లేదు. మరిది చర్చిలో, భర్త ఇంటి వెనక షెడ్డులో! పాస్టర్ గారి వేదిక వెనక పెద్ద కిటికీకి కొలత కూడా ఆమె నోటి మీదుగానే నడిచింది. “నాలుగడుగుల వెడల్పని చెప్పు వదినా” అన్నాడు ఒకడు. “నాలుగడుగులా? సరే” అన్నాడు ఇంకొకడు.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీ చట్రం చర్చికి చేరింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఆ ఏడాది మొదటి వాన! పాటల బృందం ఆడవాళ్లు నేల కడుగుతున్నారు, సంఘ పెద్ద అయిన రిటైర్డు మాస్టారు గొడుగు పుచ్చుకుని అజమాయిషీ చేస్తున్నారు. నలుగురు పట్టి చట్రాన్ని గోడలోకి ఎత్తారు. అది నిలవలేదు. ఒక పక్కకు ఆనిస్తే రెండో పక్క రెండంగుళాల సందు! అందులోంచి చల్లగాలి ఈలవేసుకుంటూ లోపలికొచ్చి, కొత్తగా వేసిన సున్నం వాసనను అందరి ముక్కుల దాకా తెచ్చింది.

“ఎల్లుండే కదయ్యా లోపల మొదటి ఆరాధన! వాన కొడితే వేదికంతా తడిసిపోదూ!” అన్నారు మాస్టారు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ ఆమె వైపే తిరిగారు.

“వాడు ఎంతన్నాడని చెప్పావే నాకు?”

“ఆయనకు ఎంతని చెప్పావు వదినా?”

ఆమెకు గుండె పగిలినట్లయింది. తను పెట్టుకున్న ఆశంతా ఇలా పదిమంది ముందు నవ్వులపాలైందే! కళ్లు నిండిపోయాయి... కానీ ఎందుకో ఈసారి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. కొంగు బిగించి మాస్టారి ముందుకు నడిచింది.

“మాస్టారూ, ఇద్దరికీ నాలుగడుగులనే చెప్పాను. మూడేళ్లుగా వీళ్లిద్దరి మధ్యా కబురు మోసే పోస్టుమ్యాన్‌ని నేను! ఇవాళ వీళ్ల నోటితోనే వినండి. ఏమండీ, మీరెంత చేశారు?”

భర్త చట్రం వైపు చూశాడు. “మూడడుగుల పదకొండంగుళాలు.”

“ఎందుకు తగ్గించారు?”

ఆమె రెట్టించింది. అతను నేల చూస్తూ గొణిగాడు. “వాడు గిలాబా మందం మర్చిపోతాడు కదే... సందు తగ్గుతుంది. చట్రం పట్టకపోతే మళ్లీ పదిమందిలో వాడు మాటపడాలి. ఒకసారి నావల్ల పడ్డాడు, చాలదూ?”

తమ్ముడు చటుక్కున తలెత్తాడు.

“నువ్వెంత వదిలావురా?” అంటూ ఆమె మరిది వైపు తిరిగింది.

“నాలుగడుగుల మీద అంగుళం...” అన్నాడు తమ్ముడు. “అన్నయ్య ఎప్పుడూ చట్రం అంగుళం ఎక్కువే చేస్తాడు వదినా, తర్వాత చిత్రిక పట్టి తగ్గించుకోవచ్చని. ఇక్కడ పట్టకపోతే సంఘమంతటి ముందూ ఆయన తలదించుకోవాలి కదా... గిలాబా మందం కూడా కలుపుకునే వదిలాను. అది మాత్రం ఇంక చచ్చినా మర్చిపోను!”

ఒకరి తప్పును ఒకరు కప్పిపుచ్చబోయి ఇద్దరూ కలిసి చేసిన సందు అది! ముందుగా మాస్టారు నవ్వారు. ఆ నవ్వు పాటల బృందానికి పాకింది, చీపుళ్లు కింద పడేసి నవ్వారు వాళ్లు. అన్న రెండడుగులు వేసి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. “పాడు నోరురా నాది... ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది” అన్నాడు. తమ్ముడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అయితే ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరినీ తిట్టింది!

అంతలో టపటపా చినుకులు. “చూస్తారేంట్రా, పట్టండి!” అంటూ మాస్టారు గొడుగు విప్పి సందుకు అడ్డం పెట్టారు. అన్న అప్పటికప్పుడు అంగుళం మందం పట్టీలు రెండు కోసి చట్రానికి చెరో పక్కా బిగించాడు. తమ్ముడు సిమెంటు కలిపాడు. ఆడవాళ్లు టార్పాలిను పట్టుకుని తలో మూలా నిలబడి, తడుస్తూనే పాట అందుకున్నారు. చీకటి పడకముందే కిటికీ నిలబడింది. ఊరు మారే సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అడగడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఆదివారం కుండపోత! చర్చి కిటకిటలాడింది. కొత్త కప్పు నుంచి ఒక్క చుక్క కారలేదు, వేదిక వెనక గోడ పొడిగా ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారు. వెనక బెంచీలో ఆమె, పక్కన పాపతో తోడికోడలు. అందరూ తలలు వంచి ప్రార్థనలో ఉండగా ముందు నుంచి గుసగుస వినబడింది.

“అన్నయ్యా, రేపు పొద్దున మా ఇంటికి రా. వంటగదికి కిటికీ పెట్టించాలి, పాపకు గాలాడటం లేదు.”

“బండెక్కేవాడికి కిటికీ ఎందుకురా?”

“ఎవరెక్కుతున్నారు! సామాన్ల బండివాడికి నిన్ననే వద్దని చెప్పేశా.”

అన్న, “వెడల్పెంత?” అన్నాడు.

“ఏమో, నువ్వే వచ్చి కొలుచుకో. టేపు రెండో కొస నేను పట్టుకుంటా.”

ఆమె పెదాలు బిగబట్టింది, కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. అంత నిశ్శబ్దంలోనూ గట్టిగా, మనసారా నవ్వేసింది! పాస్టర్ గారు ఒక కన్ను తెరిచి చూశారు. మూడేళ్లుగా చర్చిలో ఏడుస్తూ మాత్రమే కనబడిన మనిషి కళ్లనీళ్లు కారేలా నవ్వుతుంటే, ఆపమ్మా అనడానికి ఆయనకు మనసు రాలేదు.