నర్సు పేరు వెతికిన పూట

పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంట్లో ఎవరి పరుగు వాళ్లది. భర్త అప్పటికే బస్సు డిపోకి వెళ్లిపోయాడు. కోడలు ఒక చేత్తో జడ బిగించుకుంటూ, ఇంకో చేత్తో చెప్పుల కోసం తడుముతోంది. లోపలి గదిలో, తుంటి విరిగి మంచం పట్టిన అత్తగారిని కొత్త నర్సు మెల్లగా పక్కకి తిప్పుతోంది.

"వెళ్లొస్తానత్తయ్యా!"

"వెళ్లిరా. దువ్వెన తలలోనే ఉంది, చూసుకో."

నర్సు నవ్వాపుకుంది. ఆమె వచ్చి ఐదు రోజులైంది. నెమ్మదైన మనిషి.

కోడలు పనిచేసే కళ్లద్దాల దుకాణంలో ఆ పూట బేరాల్లేవు. ఆమె ఊరికే ఫోన్ తీసి నర్సు పేరు, ఇంటిపేరు కొట్టి చూసింది. పనిలో పెట్టుకునే ముందే చూడాల్సింది కదా అని అప్పుడనిపించింది. మూడో వరుసలో ఏడేళ్ల కిందటి వార్త: 'మందు ఎక్కువై వృద్ధురాలి మృతి. నర్సు అరెస్టు.' పక్కనే ఫొటో. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు. అదే మొహం.

కోడలు అత్తగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఆ వార్తని కింది వాటా పిన్నిగారికి పంపి, 'మా నర్సు ఈవిడే. వెంటనే పైకి వెళ్లండి' అని రాసింది. యజమానికి సగం మాట చెప్పి రోడ్డెక్కింది.

బస్సులో సీటున్నా కూర్చోలేకపోయింది. పదింటి మాత్రలు ఈపాటికి వేసేసి ఉంటుంది. ఏ మాత్రలో, ఎన్నో తనకి తెలియదు. మందుల డబ్బా మొత్తం తనే ఆమె చేతిలో పెట్టింది. ఆపిన ప్రతి స్టాపులోనూ డ్రైవరు కావాలనే ఆలస్యం చేస్తున్నట్టు అనిపించింది.

ఇంటికి చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పిన్నిగారు గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. నర్సు గోడకి ఆనుకుని ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం మీద అత్తగారు కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని ఉన్నారు.

"అత్తయ్యా!" భుజం పట్టి కుదిపింది. "అత్తయ్యా!"

"అబ్బ, ఏంటమ్మా? ఇప్పుడే కన్నంటుకుంది," అన్నారావిడ. "ఫోన్ చేశావా? దాన్ని ముందుగదిలో చార్జింగులో పెట్టించాను, వినపడలేదు."

కోడలు అక్కడే నేల మీద కూలబడి, ఫోన్ తెర నర్సు వైపు తిప్పింది. "ఇది మీరేనా?"

"నేనే," అంది నర్సు.

"నేను ముందే అనుకున్నా!" అంటూ పిన్నిగారు గబగబా మెట్లు దిగిపోయింది.

"మా ఇంట్లోంచి వెళ్లిపోండి. ఇప్పుడే!" కోడలు అరిచింది.

"ఆగు," అన్నారు అత్తగారు. "అరెస్టయింది, సరే. ఆ తర్వాత ఏమైందో చదివావా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ముప్పై ఏళ్లు కోర్టులో తీర్పులు టైపు చేశాను నేను. అరెస్టు వార్త అందరూ వేస్తారు. తీర్పు ఏ మూలనో పడుంటుంది. కోర్టు వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. ఈమె వచ్చిన రెండో రోజే కేసు నంబరు నాకిచ్చి, చదివాకే నన్ను ఉంచుకోండి అంది. నీకు చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పే. నా ఫోన్ తెచ్చి చదువు."

అత్తగారి ఫోన్లో తీర్పు పదకొండు పేజీలుంది. కోడలు ప్రతి పేజీ చదివింది. మోతాదు డాక్టరు చీటీలోనే తప్పు పడింది. అనుమానం వచ్చి నర్సు రెండుసార్లు ఆయనకి ఫోన్ చేసి అడిగింది. రాసినట్టే వెయ్యమన్నారు. నిర్దోషి. ఆ ఒక్క మాట దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి.

తల ఎత్తేసరికి నర్సు సంచీలో బట్టలు కుక్కుతోంది.

"ఎక్కడికి?"

"అలవాటే అమ్మా. ఇది నాలుగో ఇల్లు. కిందావిడ ఈపాటికి నలుగురికి చెప్పేసుంటారు."

కోడలికి బస్సులో పడ్డ భయం మళ్లీ గుండెలోకొచ్చింది. ఈసారి అది తన గురించి. ఒక్క వేలు కదిపి ఎంత పని చేసింది!

"నన్ను క్షమించండి. సగం చదివి పంపేశాను," అంటూ సంచీ పట్టుకుని ఏడ్చేసింది. "పిన్నిగారికి నిజం చెప్పి వస్తాను. కానీ అది మీ బతుకు. మీరు ఒప్పుకుంటేనే తీర్పు చూపిస్తాను."

నర్సు చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"చూపించడం కాదు, నేనే చెప్తాను. ఇన్నాళ్లూ చెబుదామంటే పక్కన ఒక్కరూ నిలబడలేదు. మీరు నిలబడతారా?"

కోడలు ఆమె చేయి పట్టుకుంది. ఇద్దరూ కింది వాటా తలుపు తట్టడానికి మెట్లు దిగారు.