రెండో వరసలో రాణి రూపాయి

మధ్యాహ్నం బెల్లు మోగగానే పిల్లలంతా సద్దిగిన్నెల మీద పడ్డారు. దుర్గాంబ మాత్రం బెంచీ వదల్లేదు. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను భూతద్దానికి ఆనించి, ఒక అణా బిళ్ళను చూస్తోంది. ఆకలి సంగతే మరిచిపోయింది.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది అది. పాత బిళ్ళలన్నీ మాయమయ్యేలోపు పిల్లలు ఒకసారి చూడాలని, బాలసుబ్రహ్మణ్యం సారు మార్కాపురం స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. ఏ బిళ్ళ ఏ రకమో తేల్చే పని దుర్గాంబకు ఇచ్చారు.

"ఎత్తుగా ఉండేచోటే ముందు అరుగుతుంది" అని సారు నేర్పారు. "రాజు చెంప చూడు, చెవి చూడు. తర్వాత అక్షరాలు. తర్వాత అంచు. అంచుకు సొట్ట ఉంటే, ఎంత మెరిసినా రెండో రకమే, రెండో వరసకే."

చూసేకొద్దీ దుర్గాంబకు తమాషాగా ఉంది. ఒక బిళ్ళ మీద రాజుగారికి చెవే లేదు. ఇంకో దాని మీద ముక్కు సగం అరిగిపోయింది. ఎన్ని జేబుల్లో తిరిగితే ఇట్లా అయిందో!

ఇంతలో ఆమె స్నేహితురాలు హాజిరా ఒక దూది ఉండ తెచ్చింది. విప్పితే లోపల తెల్లగా వెండి రూపాయి.

"విక్టోరియా రాణి రూపాయి. మా దాదాది" అంది హాజిరా. "అరవై ఏండ్ల నుంచి పెట్టెలో దాచినాడు. ఒక్క సొట్ట గూడా లేదంట. సాయంత్రం చూసేదానికి ఆయనే వస్తాడు."

హాజిరా సద్ది తినడానికి వెళ్ళింది. దుర్గాంబ భూతద్దం పెట్టింది. రాణి గౌను మీది అల్లిక కూడా కనిపిస్తోంది. అంచు చుట్టూ చూసింది. ఎక్కడా సొట్ట లేదు.

ఇంత కొత్తగా ఎట్లా ఉంది? గిల్టుదేమో!

దుర్గాంబ వాళ్ళ నాయన నాగేశ్వర్లుకు కిరాణా దుకాణం ఉంది. పాత వెండి రూపాయి ఎవరు తెచ్చినా, చుట్టమైనా సరే, నవ్వుతూనే రాతి మీద మోగించి చూస్తాడు. దుర్గాంబకు అది పుట్టుకతో వచ్చిన విద్య. వరండాలోకి వెళ్ళి, రూపాయిని బొటనవేలితో రాతి బండల మీదికి ఎగరేసింది.

ఖణేల్!

ఆహా, అసలు వెండే! కానీ రూపాయి ఎగిరి, మెట్టు అంచుకు కొట్టుకుని, కింద దొర్లింది. తీసి చూస్తే అంచుకు బియ్యపు గింజంత సొట్ట.

దుర్గాంబ రూపాయిని పిడికిట్లో మూసేసింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు.

గబగబా లోపలికి వచ్చి చీటీ రాసింది: "రాణి రూపాయి. మొహం బాగుంది. అక్షరాలు బాగున్నాయి. అంచుకు సొట్ట. రెండో రకం." అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. రూపాయిని రెండో వరసలో పెట్టి, చీటీ దాని ముందు ఉంచింది.

సాయంత్రం హాజిరా వాళ్ళ దాదా, అంటే తాత, మహబూబ్ బాషా వచ్చాడు. ఆయన తాళాలు బాగుచేస్తాడు. చూపు మందగించినా, వేళ్ళతో తడిమి తాళంలో లోపం పట్టేస్తాడు. హాజిరా మొహం చిన్నబుచ్చుకుని చీటీ చదివి వినిపించింది.

ఆయన రూపాయి తీసుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది.

"నిజమే బేటీ, సొట్టే. ఇన్నేండ్లు నా వేలికే తగల్లేదు. లేదు, లేదని ఊరంతా చెప్పుకుంటి" అన్నాడు. కాసేపు తన వేళ్ళ వైపే చూసుకున్నాడు. "కండ్లు పోయినాయంటే సరే. వేలు గూడా పనికిరాకుంటే ఇంక తాళాలేం బాగుచేస్తా? రేపట్నించి పని మానుకుంటా."

దుర్గాంబకు ఏడుపు తన్నుకొచ్చింది. పారిపోవాలనిపించింది. చుట్టూ బోలెడంత మంది ఉన్నారు. సారు కూడా ఉన్నారు.

చీటీ లాక్కుని, కింద ఇంకో మాట రాసింది. తాతకు కనపడదు కదా, గట్టిగా చదివింది. "ఈ సొట్ట ముందు లేదు. ఈ మధ్యాహ్నం నేను రాతి మీద మోగిస్తే పడింది. దుర్గాంబ."

హాజిరా నోరు తెరిచింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"తప్పయిపోయింది తాతా. నీ వేలు బాగుంది. నేనే దాచిపెట్టినా."

మహబూబ్ బాషా ఆ సొట్ట మీద వేలు మళ్ళీ మళ్ళీ తిప్పాడు. బాధ పడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"నేనెప్పుడూ దాన్ని మోగించలా. భయం" అన్నాడు చివరకు. "ఎట్ల మోగింది?"

"చానాసేపు మోగింది తాతా. కింద పడినాక గూడా వినపడింది."

ఆయన తల ఊపాడు. హాజిరా మాత్రం దుర్గాంబ వైపు చూడలేదు.

"ఆ చీటీ వెనక్కి తిప్పి పెడదామా అమ్మా?" అని సారు మెల్లగా అడిగారు.

"వద్దు సారూ. రెండో వరసలోనే ఉండనీండి. చీటీ గూడా అందరికీ కనపడాల."

ఎగ్జిబిషన్ చూసేవాళ్ళు ఒక్కొక్కరే ఆ రూపాయి దగ్గరికి వచ్చారు. చదువు వచ్చినవాళ్ళు చీటీ చదువుకున్నారు. చదువు రానివాళ్ళకు దుర్గాంబే చదివి వినిపించింది. చెవులు కాలిపోతున్నా, చివరి మాట దాకా చదివింది.