ఐసు కోసం పది నిమిషాలు

"ఆ మందు సీసా దేశం దాటకూడదు," అన్నాడు చీఫ్. "కాల్పులు వద్దు. లోపల మన మనిషి ఉంది."

ఆ మనిషి డాక్టరమ్మ. ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లకోటు, ఎవరినీ లెక్కచేయని నడక. విదేశీ ముఠాకు మందు చేసిపెడుతూనే కబుర్లు ఇటు చేరవేసే డబుల్ ఏజెంట్. డిపార్ట్‌మెంటులో 'నత్త' అని పేరుబడ్డ ఏజెంటు ఆర్నెల్లుగా ఆమె ల్యాబులో గాజుసామాను కడిగే పనివాడి వేషంలో ఉన్నాడు. ఆమె "తమ్ముడూ" అని పిలిచేది. తోడబుట్టినవాళ్ళు లేని నత్తకు ఆ పిలుపు వేషంతో పాటు విప్పేసేది కాకుండా పోయింది.

మన కణాల్లో ఒక చిన్న ప్రొటీను స్విచ్‌లా పనిచేస్తుంది. వెలిగితే కణం పెరుగుతుంది, ఆరితే ఊరుకుంటుంది. ఈ మందు దాన్ని ఆరనివ్వదు. నీళ్ళలో కలిపితే ఊళ్ళకు ఊళ్ళు కణితులతో పోతాయి. పరీక్ష కోసం కణాన్ని పగలగొట్టాక మాత్రం స్విచ్ దానంతటదే ఆరిపోతుంది. ఐసులో ఉంచితేనే నిలుస్తుంది.

ఆ ఉదయం ముఠా నాయకుడు స్వయంగా వచ్చి ఆమె పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సాయంత్రానికి పరీక్ష ఫిల్ము మీద నల్లగీత కనబడితే స్విచ్ వెలిగే ఉన్నట్టు, మందు పనిచేసినట్టు; సీసా సూట్‌కేసులోకి వెళ్తుంది. గేటు దగ్గర బూట్లు కూడా విప్పించి వెతుకుతున్నారని నత్త పెన్ను కెమెరా, మడమ రేడియో తేనేలేదు.

కణాలు పగిలాయి. డాక్టరమ్మ ట్యూబులు బల్ల మీద పెట్టి బకెట్ చేతికిచ్చింది.

"ఐసు అయిపోయింది, తమ్ముడూ. తొందరేం లేదు."

వాళ్ళిద్దరి కోడ్‌లో 'తొందరేం లేదు' అంటే, నన్ను కాపాడాలని చూడకు అని.

వరండా చివర మెషిన్ దగ్గర బకెట్ అర నిమిషంలో నిండింది. పరుగెత్తుకెళ్తే ఆమె బతుకుతుంది. నిలబడితే బల్ల మీది ట్యూబుల్లో స్విచ్ ఆరిపోతుంది, ఊళ్ళు బతుకుతాయి. వేళ్ళు కొంకర్లు పోతున్నా అతను కదలలేదు. తలుపు వెనక నాయకుడితో ఆమె నవ్వుతున్న నవ్వు వినబడుతూనే ఉంది. పది నిమిషాలు అలాగే విన్నాడు.

సాయంత్రం కింద కారు ఇంజన్ ఆన్ చేసి ఉంది. సూట్‌కేసు తెరిచి ఉంది. ఫిల్ము తెల్లగా వచ్చింది.

"మందులో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని నమ్మించాను," అంది డాక్టరమ్మ, పనివాడి వైపు కన్నెత్తి చూడకుండా.

నాయకుడు సీసాను సింకులో ఒంపించాడు, కాగితాలు తగలబెట్టించాడు, ఆమెను కారెక్కించాడు. నత్త చేతిలో తడిగుడ్డ తప్ప ఏమీ లేదు.

చీఫ్ ఫోన్‌లో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంత పని ఎలా చేశావని అడిగాడు.

"ఏమీ చేయలేదు సార్."

"మరి డాక్టరమ్మ?"

"ఆవిడ కోసం కూడా అంతే సార్."